బలమైన గాలిలో కైట్‌ను క్షేమంగా దించడం ఎలా? రామేశ్వరంలో తృటిలో తప్పిన ప్రమాదం

నైరుతిగాలి (హైదరాబాద్) ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను రెండేళ్లుగా కైట్‌బోర్డింగ్, అంటే పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీటిపై సాగే ఆట, నేర్చుకుంటున్నాను. హైదరాబాద్‌లో ఉంటూ ఇదేం పిచ్చి అని ఇంట్లోవాళ్లు అంటూనే ఉంటారు. అయినా ఏడాదికి రెండుసార్లు సెలవు పెట్టుకుని రామేశ్వరం వెళ్లి వస్తున్నాను. ఇప్పుడు నీటి మీద రెండు వైపులకూ వెళ్లగలను, బయలుదేరిన చోటికే తిరిగి చేరుకోగలను. నా ఇబ్బంది అంతా ఒడ్డుకు వచ్చిన తరువాత, కైట్‌ను కిందికి దించే ఆ రెండు నిమిషాల్లోనే ఉంది.

మొన్న జూలైలో జరిగినదాన్ని ఉన్నదున్నట్టు రాస్తాను. నా బరువు 74 కిలోలు, ఆ రోజు వాడినది 12 చదరపు మీటర్ల కైట్. మధ్యాహ్నం దిగేటప్పటికి గాలి 18 నుంచి 20 నాట్ల మధ్య, అంటే గంటకు సుమారు 35 కిలోమీటర్ల వేగంతో ఉంది. మూడున్నర దాటాక అది పెరుగుతున్నట్టు అనిపించినా, ఇంకొక్క చుట్టు, ఇంకొక్క చుట్టు అనుకుంటూ అరగంట గడిపేశాను. చేతులు పీకడం మొదలయ్యాక ఒడ్డుకు వచ్చాను. అప్పుడు పక్కనున్న ఒకరి చేతి మీటరు 28 నాట్లు చూపుతోంది.

బోర్డును ఇసుక మీద పడేసి, కైట్‌ను సరిగ్గా నడినెత్తిన, గడియారంలో పన్నెండు ఉండే చోట నిలిపి, పట్టుకునేవారి కోసం చుట్టూ చూస్తూ నిలబడ్డాను. మాకు నేర్పేవారు మరో విద్యార్థితో నీటిలో దూరంగా ఉన్నారు. అంతలో ఒక ఈడ్పు గాలి వచ్చింది. నా పాదాలు ఇసుకను వదిలేశాయి. ఎంత ఎత్తు లేచానో చెప్పలేను కానీ, నాలుగైదు అడుగులు ముందుకు వెళ్లి మోకాళ్ల మీద పడ్డాను. వణుకుతూనే లేచి, అక్కడ ఫోటోలు తీసుకుంటున్న ఒక పర్యాటకుడిని పట్టుకోమని అడిగి కైట్‌ను పక్కకు దించాను. ఆయన పాపం మంచి మనసుతోనే వచ్చి రెక్క కొసను పట్టుకున్నారు. కైట్ మెలి తిరిగి, ఆయన చేతిలోంచి జారి, గాలికి పూర్తిగా ఎదురు నిలిచి నన్ను పదడుగుల దాకా ఇసుకలో ఈడ్చుకుపోయి తనంతట తానే నేలకు కొట్టుకుంది. మోకాలి చర్మం ఊడింది, అంతకు మించి ఏమీ కాలేదు.

నన్ను వేధిస్తున్న సంగతి వేరే ఉంది. ఆ రెండు సందర్భాల్లోనూ క్విక్ రిలీజ్, అంటే నెట్టగానే కైట్ బలాన్ని పోగొట్టే అత్యవసర మీట, నా కళ్ల ముందే, జానెడు దూరంలో ఉంది. నేను దాన్ని నెట్టలేదు. ఎందుకు నెట్టలేదో నాకు అర్థం కావడం లేదు.

గాలి ఇలా పెరిగినప్పుడు ఒడ్డున కైట్‌ను ఎక్కడ నిలపాలి? అనుభవం లేని మనిషే దొరికితే అతనికి ఏమి చెప్పాలి? ఎవరూ లేనప్పుడు ఒంటరిగా దించడానికి నమ్మదగిన పద్ధతి ఉందా? కొందరు నేలలో పాతిన కొక్కేనికి తగిలించి దించడం చూశాను; అది మంచిదేనా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

ఉప్పునీటిరైతు (చెన్నై) జవాబు:

నైరుతిగాలి గారూ, మోకాలి చర్మంతో పోయినందుకు ముందుగా సంతోషం. పదకొండు సీజన్లుగా తమిళనాడు తీరంలో ఆడుతున్నాను, కొన్నాళ్లు నేర్పేవారికి సహాయకుడిగా కూడా పనిచేశాను. మీరు రాసినదాంట్లో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఆ పర్యాటకుడు కాదు, మీరు ఒడ్డున కైట్‌ను నడినెత్తిన నిలిపి ఎదురుచూడటం.

పన్నెండు దగ్గర కైట్ చాలా బుద్ధిగా ఉన్నట్టు కనిపిస్తుంది. లాగుడు తక్కువగా ఉంటుంది, చేతికి శ్రమ ఉండదు, అందుకే కొత్తవారందరూ అక్కడే విశ్రాంతి తీసుకుంటారు. అయితే లైన్లు, అంటే కైట్ తాళ్లు, నిట్టనిలువుగా ఉన్నందువల్ల అక్కడ పుట్టే బలం ఎంతైనా అది మిమ్మల్ని పైకే ఎత్తుతుంది. నీటిలో నడుము లోతున ఉన్నప్పుడు ఎత్తి పడేసినా నీరే కదా అనుకోవచ్చు. ఇసుక మీద, రాళ్ల మీద, పడవల పక్కన ఆ మాట చెల్లదు. గాలి బలం వేగానికి వర్గంగా పెరుగుతుందన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. 20 నాట్ల నుంచి 28కి పెరిగితే వేగం నలభై శాతమే పెరిగింది కానీ, బలం దాదాపు రెట్టింపయింది. అంటే మీ తలపైన అప్పుడున్నది 12 చదరపు మీటర్ల కైట్ కాదు, 20 నాట్ల గాలిలో 23 చదరపు మీటర్ల పైచిలుకు కైట్‌తో సమానం. అసలు 74 కిలోల మనిషికి 20 నాట్లకే 12 ఎక్కువ. ఆ రోజు 9 తీసుకుని ఉంటే మీరు ఈ ప్రశ్న అడిగేవారే కాదేమో.

కైట్ ఉండవలసిన చోటు గాలి కిటికీ (మీకు గాలి వెళ్లే వైపున కైట్ ఎగరగలిగే ప్రాంతం) అంచు, అదీ బాగా కిందుగా. గడియారం లెక్కలో చెబితే మూడు దగ్గరో, తొమ్మిది దగ్గరో, నీటికి రెండు మూడు మీటర్ల ఎత్తులో. అక్కడ ఈడ్పు గాలి వచ్చినా మిమ్మల్ని పక్కకు లాగుతుంది తప్ప పైకి ఎత్తదు; కాళ్లు నేల మీదే ఉంటాయి, వెనక్కి వాలి తట్టుకోవచ్చు. ఇక ఎదురుచూడవలసింది ఒడ్డున కాదు, నీటిలో. పట్టుకునే మనిషి కంటబడి, మీ సైగకు తిరుగు సైగ చేసేదాకా మోకాలి లోతు దాటి బయటికి రాకండి. అరచేతితో తల మీద తట్టడం ఎక్కడైనా అర్థమయ్యే సైగ: నన్ను దించండి అని. అవతలి మనిషి కూడా తల తట్టాలి. తట్టలేదంటే అతను మిమ్మల్ని చూడలేదన్నట్టే లెక్క.

దించే ముందు ట్రిమ్ పట్టీని (ముందు లైన్ల పొడవు సర్దే పట్టీని) లాగి కైట్ బలం తగ్గించుకోండి, అయితే చివరిదాకా లాగేయకండి. పూర్తిగా లాగితే వెనుక లైన్లు వేలాడిపోయి, మీరు బార్ (చేత్తో పట్టుకుని కైట్‌ను నడిపే కడ్డీ) తిప్పినా కైట్ మాట వినదు. కొద్దిగా వదిలి ఉంచి, బార్ తిప్పగానే రెక్క కదులుతోందో లేదో నీటిలోనే ఒకసారి చూసుకోండి. తరువాత పన్నెండు నుంచి పదకొండు, పది, తొమ్మిది అన్నట్టుగా మెల్లగా దింపండి. తొందరపడి గట్టిగా తిప్పితే కైట్ అంచు వెంట దిగడం మానేసి కిటికీ మధ్యలోకి దూకుతుంది. మిమ్మల్ని ఈడ్చినది ఆ మధ్య భాగమే.

సహాయకుడు లీడింగ్ ఎడ్జ్‌ను, అంటే గాలి నింపిన ముందు గొట్టాన్ని, సరిగ్గా నడిమధ్యన పట్టుకున్నాడని కంటితో చూశాక మాత్రమే మీరు బార్‌ను పూర్తిగా వదిలి, కైట్ వైపు నాలుగైదు అడుగులు నడవండి. లైన్లు వదులయితేనే అతను దాన్ని తిప్పి నేల మీద పెట్టగలడు. పట్టుకోకముందే ముందుకు నడిస్తే లైన్లు సడలి కైట్ గాలిలో తూలి, ఎక్కడ పడుతుందో, మళ్లీ ఎక్కడ నిండుకుంటుందో చెప్పలేము. అలాగే కైట్ మళ్లీ లేవకుండా దాని మీద ఇసుక పోసేదాకా హార్నెస్ (నడుముకు కట్టుకునే పట్టీ) కొక్కెం తీయకండి, లీష్ (రిలీజ్ నెట్టాక కూడా కైట్‌ను మీకు కట్టి ఉంచే తాడు) విప్పకండి. చాలామంది ఇంకేముంది, అయిపోయింది అనుకుని అప్పుడే విప్పేస్తారు. ఆ క్షణంలో సహాయకుడి చెయ్యి జారితే, ఎవరి అధీనంలోనూ లేని కైట్ దిగువన, అంటే గాలి వెళ్లే వైపున, ఆడుకునే పిల్లల మీదికి వెళ్తుంది.

క్విక్ రిలీజ్ ఎందుకు నెట్టలేదని అడిగారు. పడబోయేవాడు చేతికి దొరికినదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. అది మనిషి స్వభావం. మీ చేతికి దొరికినది బార్. దాన్ని పట్టుకుని దగ్గరికి లాక్కున్నారు, కైట్ బలం ఇంకా పెరిగింది, ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఇది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు, చేతి అలవాటుకు సంబంధించినది. నేను ఇప్పటికీ ప్రతిరోజూ మొదటిసారి నీటిలో దిగగానే, మోకాలి లోతున, కైట్ కిందుగా ఉన్నప్పుడు ఒకసారి కావాలనే రిలీజ్ నెడతాను. మళ్లీ అమర్చుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది, చుట్టూ ఉన్న కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

డెల్టాపవనం (కాలిఫోర్నియా) జవాబు:

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను. నేను చేర్చవలసినవి రెండు: ఒకటి సమయం గురించి, రెండోది ఒంటరిగా దించడం గురించి.

మేము వేసవిలో శాక్రమెంటో నది మీద షెర్మన్ ఐలాండ్ దగ్గర ఆడతాము. లోపలి సెంట్రల్ వ్యాలీ ఎండకు కాగిపోతే అక్కడి వేడిగాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీని నింపడానికి పసిఫిక్ మీది చల్లగాలి గోల్డెన్ గేట్ గుండా, కార్కినెజ్ జలసంధి గుండా ఇరుకున పడి దూసుకువస్తుంది. ఇటువంటి గాలి పొద్దు పెరిగేకొద్దీ పెరగడమే దాని గుణం. తీరప్రాంతాలన్నిటిలోనూ నేల, నీటి ఉష్ణోగ్రతల తేడా వల్ల వీచే గాలికి ఇటువంటి దినచర్య ఒకటి ఉంటుంది. రామేశ్వరంలో దానికి నైరుతి రుతుపవనం కూడా తోడవుతుంది. కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంటకు సరిపోయిన కైట్ నాలుగింటికి సరిపోతుందని అనుకోకూడదు. నా వరకు పెట్టుకున్న నియమం ఏమిటంటే, ట్రిమ్ పట్టీ సగం దాటి లాగవలసి వచ్చిన రోజు, అప్పుడే ఒడ్డుకు వచ్చి చిన్న కైట్‌కు మారతాను. మీరు చేతులు పీకేదాకా ఆగారు. ఎగువన, అంటే గాలి వచ్చే వైపున, నీటి మీద ఒక నల్లటి నీడ పాకుతూ వస్తుంటే అది ఈడ్పు గాలి. అది మీ మీదుగా దాటిపోయిన తరువాత, నీటి రంగు మళ్లీ లేతగా మారినప్పుడు దించడం మొదలుపెట్టండి. రెండు ఈడ్పుల మధ్య ఎంత వ్యవధి వస్తోందో నీటిలో నిలబడి ఐదు నిమిషాలు లెక్కపెడితే తెలిసిపోతుంది.

ఇక నేలలో పాతిన కొక్కెం విషయం. కొందరు మంచి ఆటగాళ్లే దాన్ని సమర్థిస్తారు, నిలకడైన 15 నాట్ల గాలిలో నేనూ చేశాను. బలమైన గాలిలో మాత్రం నేను వద్దనే అంటాను. కైట్ అంచున ఉన్నప్పుడు మీరు చికెన్ లూప్‌ను (బార్‌ను హార్నెస్‌కు తగిలించే ఉచ్చును) మీ హార్నెస్ నుంచి తీసి కొక్కేనికి తగిలించాలి. అప్పటి నుంచి బార్ దగ్గర ఎవరూ ఉండరు, రిలీజ్ మీ చేతికి అందదు. గాలి దిక్కు కొద్దిగా మారితే చాలు, అంచున పడి ఉన్న కైట్ కిటికీ మధ్యకు వచ్చి పైకి లేస్తుంది. ఆ సమయంలో మీరు లైన్ల పక్కగా కైట్ వైపు నడుస్తూ ఉంటారు. బిగిసిన లైను కాలికి తగిలితే ఏమవుతుందో వర్ణించనక్కరలేదు.

ఒంటరిగా ఉన్నప్పుడు నా పద్ధతి నీటిలో రిలీజ్ నెట్టి దించడమే. నడుము లోతు నీటిలో నిలబడతాను. లైన్లు ఇరవై నాలుగు మీటర్లు కాబట్టి, దిగువన అంతకు రెట్టింపు దూరం, అంటే దాదాపు యాభై మీటర్లు, మనిషిగానీ రాయిగానీ స్తంభంగానీ లేకుండా చూసుకుంటాను. కైట్‌ను అంచున నీటిని తాకేటంత కిందికి తెచ్చి రిలీజ్ నెడతాను. బార్ నా నుంచి జారి దూరంగా వెళ్తుంది, కైట్ ముందు లైను ఒక్కదాని మీదే వేలాడుతూ బలం పోయి నీటి మీద వాలుతుంది. అప్పుడు కాసేపు ఏమీ చేయను. ఆ ఆగడం ముఖ్యం, ఎందుకంటే కైట్ ఎలా వాలిందో, మెలికలు ఏమైనా పడ్డాయో చూడాలి. తరువాత ఆ ఒక్క లైనునే చేతి మీద చెయ్యి వేసి పాకుతూ బార్ దాకా చేరతాను.

ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. సంక్రాంతికి మేడ మీద గాలిపటం దించేటప్పుడు మాంజాను వేళ్లకు, అరచేతికి చుట్టుకుంటూ లాగడం మనకు చిన్నప్పటి అలవాటు. నేను మొదటి ఏడాది సరిగ్గా అదే చేశాను. కైట్ ఒక్క క్షణం నిండుకుంది, నా చూపుడు వేలి మీద ఆ గీత ఇప్పటికీ ఉంది. లైనును పిడికిట్లో పట్టుకోవాలి, అవసరమైతే వదిలేయగలిగేలా. చుట్టుకోకూడదు.

బార్ చేతికి వచ్చాక, ముందుగా ఆ ఒక్క లైనునే బార్ కొసల మీద నాలుగైదు మీటర్లు చుట్టి, జారకుండా ఒక మెలిక వేయాలి. అలా చేస్తే ఆ లైను మిగతా మూడింటికన్నా పొట్టిగా ఉంటుంది, లాగుడంతా దాని మీదే పడుతుంది, కైట్ మళ్లీ నిండుకోదు. ఈ మెట్టును తప్పించి నాలుగు లైన్లనూ కలిపి చుట్టేస్తే, నాలుగూ సమానంగా బిగిసిన క్షణాన కైట్ తిరిగి లేస్తుంది. తరువాత మిగిలినవి చుట్టుకుంటూ కైట్‌ను చేరి, లీడింగ్ ఎడ్జ్ పట్టుకుని ఒడ్డుకు నడవడమే. మొత్తం పది నిమిషాలు పడుతుంది, పైగా చూడటానికి ఏమంత అందంగా ఉండదు.

నైరుతిగాలి:

ఇద్దరికీ ధన్యవాదాలు. పన్నెండు దగ్గర నిలపడం సురక్షితమని నేను రెండేళ్లుగా నమ్ముతూ వచ్చాను. నిజానికి మొదటి పాఠంలో ఏమీ తోచకపోతే పన్నెండుకు తీసుకెళ్లమని చెప్పినట్టు గుర్తు. రెండు చిన్న సందేహాలు మిగిలాయి. రిలీజ్ నెట్టిన తరువాత కూడా కైట్ లాగుతూనే ఉంటే ఏమి చేయాలి? గాలి పక్కవాటుగా కాకుండా సముద్రం నుంచి సూటిగా ఒడ్డు మీదికే వీస్తుంటే ఇవే సూచనలు వర్తిస్తాయా?

పట్టుకునేమనిషి (దుబాయ్) జవాబు:

నేను కైట్ నడపను. ఆరేళ్లుగా మావారి కైట్‌ను, ఆయన స్నేహితుల కైట్‌లను జుమైరా తీరంలో పట్టుకునేది మాత్రం నేనే. ఈ చర్చలో అందరూ తాడుకు ఇవతలి కొసన ఉన్నవారే మాట్లాడుతున్నారు కాబట్టి, అవతలి కొస నుంచి ఎలా కనిపిస్తుందో చెబుతాను.

మొదటిసారి పట్టుకునేవారికి కైట్ ఒక పెద్ద జంతువు మీదికి వస్తున్నట్టు కనిపిస్తుంది. రెక్క ఎనిమిది తొమ్మిది మీటర్లు ఉంటుంది, గుడ్డ టపటపా కొట్టుకుంటూ చెవులు గింగురుమంటాయి, నడిపే మనిషి అరిచేది ఒక్క ముక్కా వినపడదు. కాబట్టి చెప్పదలచుకున్నదంతా ముందే, కైట్ ఎగరేయకముందే చెప్పుకోవాలి. ఇసుక మీద గాలి నింపి పెట్టిన కైట్‌ను చూపించి, నడిమి గొట్టం ముందు గొట్టాన్ని కలిసే చోట వేలు పెట్టి, "ఇక్కడ, రెండు చేతులతో, ఇంకెక్కడా వద్దు" అని మావారు నాకు చెప్పారు. ఆ ఒక్క వాక్యమే నాకు ఇన్నాళ్లూ పనికివచ్చింది. మీ పర్యాటకుడు రెక్క కొసను పట్టుకోవడానికి కారణం తెలివి తక్కువై కాదు. కిందికి దిగే కైట్‌లో ముందుగా చేతికి అందేది ఆ కొసే.

నేను కైట్ దిగబోయే చోటుకు కాస్త ఎగువన, లీడింగ్ ఎడ్జ్ వైపు నిలబడతాను. కైట్‌కూ నడిపే మనిషికీ మధ్యలోకి ఎన్నడూ వెళ్లను, లైన్లను దాటను, ముట్టుకోను. తలకన్నా ఎత్తున ఉన్నదాన్ని ఎగిరి అందుకోను. అది ఛాతీ ఎత్తుకు వచ్చి ఒక్క క్షణం కుదురుగా నిలిచేదాకా చేతులు చాచి ఆగుతాను. పట్టుకున్నాక లైన్లు వదులయ్యేదాకా అలాగే బిగించి ఉంటాను. తరువాత లీడింగ్ ఎడ్జ్‌ను గాలికి ఎదురుగా నేలకు ఆనించి, గుడ్డ మీద ఆ గొట్టానికి ఆనుకుని ఐదారు దోసిళ్ల ఇసుక పోస్తాను. అప్పుడు మాత్రమే రెండు చేతులూ ఎత్తి చూపుతాను, ఆయన కొక్కెం తీస్తారు. ఒకవేళ పట్టుకున్న కైట్ నన్నే లాగేస్తే వదిలేసి పక్కకు తప్పుకోమని మేము ముందే ఒప్పందం చేసుకున్నాము. రెండుసార్లు వదిలేశాను, ఆయన రెండుసార్లూ రిలీజ్ నెట్టారు. ఇంటికి వచ్చాక నన్ను ఏమీ అనలేదు, అది కూడా ఒప్పందంలో భాగమే.

మీ రెండో సందేహం మాకు తరచూ ఎదురయ్యేదే. ఇక్కడ వాయవ్యం నుంచి వచ్చే షమాల్ గాలి సముద్రం మీది నుంచి ఒడ్డు మీదికి వీస్తుంది. అప్పుడు గాలి కిటికీ అంచులు రెండూ తీరం పొడవునా ఉంటాయి, ఆయన అడుగు జారితే సూటిగా నేల మీదికే, గోడల మీదికే కొట్టుకుపోతారు. అందుకని ఆయన ఒడ్డుకు రారు, నేనే తొడ లోతు దాకా నీటిలోకి వెళ్తాను. నీటిలో కైట్ పట్టుకోవడం నిజానికి తేలిక, గుడ్డ తడిసి కొంచెం బరువెక్కి ఉంటుంది. చెప్పులు మాత్రం వేసుకుని వెళ్లండి, గవ్వలు కోస్తాయి.

ఉప్పునీటిరైతు:

అమ్మా, ఇన్నేళ్లలో సహాయకుల పక్షాన ఇంత స్పష్టంగా రాసినవారిని చూడలేదు. మా దగ్గరికి వచ్చే కొత్తవారికి మీ జవాబు చదివి వినిపిస్తాను.

నైరుతిగాలి గారూ, మీ మొదటి సందేహానికి సమాధానం చెబుతాను. రిలీజ్ నెట్టాక కూడా కైట్ లాగడానికి సాధారణ కారణం మెలిక: ఏదో ఒక వెనుక లైను రెక్క కొసకో, బార్‌కో చుట్టుకుని, కైట్ వదులు కాకుండా సుడులు తిరుగుతూ ఉంటుంది. ఒక్కొక్క సుడికి ఒక్కొక్క ఈడ్పు. అప్పుడు మిగిలినది లీష్ చివరనున్న రెండో రిలీజ్. అది నెడితే కైట్ మీ నుంచి పూర్తిగా విడిపోతుంది కాబట్టి, దిగువన ఎవరైనా ఉన్నారా అని ఒక్క చూపు చూడటం మీ బాధ్యత. మనుషులు ఉంటే అరిచి హెచ్చరించి, మీకు ప్రాణాపాయం లేనంతసేపు నీటిలో ఈడ్చుకుపోనివ్వడం మేలు. అలాంటి సందిగ్ధం రాకుండా ఉండాలనే, జనం లేని దిగువ ఉన్న చోటును ముందే ఎంచుకోమని డెల్టాపవనం గారు అన్నారు. లీష్‌ను వీపు వెనుక తగిలించుకునే అలవాటు ఉంటే మానేయండి; ముందు వైపు, ఏ చేత్తోనైనా అందేలా ఉండాలి.

పాఠంలో పన్నెండుకు తీసుకెళ్లమన్నారని రాశారు. అది తప్పు కాదు, సగం మాట. నీటి మీద, తేలికపాటి గాలిలో, విద్యార్థి గందరగోళపడినప్పుడు పన్నెండు పనికివస్తుంది. ఇసుక మీద బలమైన గాలిలో అదే చోటు ప్రమాదం. ఆ రెండో సగం మీకు చెప్పలేదో, చెప్పినా అప్పటికి చెవికెక్కలేదో.

రిలీజ్ గురించి ఇంకొక్క వివరం, దీన్ని చాలామంది పట్టించుకోరు. కైట్ మిమ్మల్ని ఇసుకలో ఈడ్చుకుపోయిందని మీరే రాశారు, మీతో పాటు బార్ కూడా ఇసుకలోనే ఈడ్చుకుపోయి ఉంటుంది. రిలీజ్ గొట్టం లోపల ఇసుక రేణువులు, ఎండిన ఉప్పు పేరుకుంటే, తేలిగ్గా జారవలసిన భాగం బిగుసుకుపోతుంది. కైట్‌బోర్డింగ్ రిలీజ్‌ల కోసం 2020లో ఐఎస్ఓ 21853 అనే అంతర్జాతీయ ప్రమాణమే వచ్చింది. దానికి తగినట్టు తయారైన బార్ అయితే మంచిదే, కానీ కడగని బార్‌ను ఏ ప్రమాణమూ కాపాడదు. గోరువెచ్చని మంచినీటి బకెట్‌లో బార్‌ను ముంచి, నీటిలోనే పది పదిహేనుసార్లు రిలీజ్ నెట్టి, మళ్లీ అమర్చండి. లోపల కరకరమనే చప్పుడు పోయేదాకా చేయండి. నూనె, గ్రీజు రాయకండి, వాటికి ఇసుక ఇంకా అంటుకుంటుంది.

నైరుతిగాలి:

ఈ రోజు పొద్దున బార్‌ను బకెట్‌లో పెట్టి చూశాను. మొదటి మూడుసార్లు నెట్టినప్పుడు నిజంగానే కరకరమంది, బకెట్ అడుగున చిటికెడు రామేశ్వరం ఇసుక తేలింది. ఆ రోజు నెట్టి ఉన్నా ఒక్క చేతి బలానికి జారేదో లేదో.

9 చదరపు మీటర్ల పాత కైట్ ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి మాట్లాడుకున్నాను. జనవరిలో ఈశాన్య గాలికి వెళ్లేటప్పుడు మా బావమరిది కూడా వస్తానన్నాడు. పట్టుకునేమనిషి గారు రాసినట్టు అతనికి ముందే అలవాటు చేద్దామని, ఈ ఆదివారం మా మేడ మీద కైట్ పరిచి, నడిమి గొట్టం ఎక్కడ కలుస్తుందో చూపించి, పట్టుకోవడం, తిప్పి పెట్టడం సాధన చేయిద్దామనుకుంటున్నాము.

పట్టుకునేమనిషి:

మంచి ఆలోచన. లైన్లు తగిలించకండి, మేడ మీద కైట్‌కు గాలి కూడా నింపకండి. నాలుగో అంతస్తున చిన్న గాలి వచ్చినా మీ బావమరిది పిట్టగోడ దాకా వెళ్లి ఆగుతాడన్న నమ్మకం లేదు. ఏదైనా బడి మైదానంలో, గాలి లేని ఉదయం పూట చేయండి.